ఎండబెట్టిన మధ్యాహ్నాలు

సల్లని పొద్దుల్ల సెల్లెల్లారా
సాటల ఆకులు సదురుండ్రే
కోసిన ఆకుల కొసలన్నీ...

ఆ తర్వాతి ముక్క రాధాబాయికి యాదికి రాదు. కొసలన్నీ ఏమైనయో పాటలో ఉండాలి మరి. బోధన్‌లోనే పుట్టి, బోధన్‌లోనే మెట్టి, అరవై ఏడేళ్లొచ్చినా, చాట ఒళ్లో పెట్టుకోగానే ఆ రెండున్నర వరసలు నోటికొస్తాయి, అక్కడే ఆగుతాయి. మిగతాది ఆమె ముక్కుతో పాడుకుంటుంది.

ఆమె పొద్దు ఇట్లా నడుస్తుంది. నల్లా నీళ్లు పట్టడం, మనుమరాలు హర్షిణికి జడ వేయడం, కోడలు సంజన టిఫిన్ డబ్బా సర్దుకుని మీసేవ కేంద్రంలో పనికి పోయేదాకా గడపలో నిలబడటం. కొడుకు మహేష్‌కు రుద్రూరు దగ్గర రైసుమిల్లులో పని, అతను అప్పటికే బండెక్కి పోయుంటాడు. అందరూ పోయినాక ఆమె తునికాకుల ముందు కూర్చుంటుంది. రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో ఆకు కోయడం, చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం, ఇరవై అయిదింటిని ఒక కట్ట చేయడం. నలభై ఏళ్ల పని. ఇప్పుడు బీడీ కార్ఖానా వాళ్లు నెలకు పది పన్నెండు రోజులే పని ఇస్తున్నారు. మిగతా రోజుల్లో ఆమె టైమ్ చుడుతుంది.

ఆకు కోసేటప్పుడు అంచులు రాలినట్టే మనుషుల పొద్దుల్లోంచీ అంచులు రాలుతూ ఉంటాయి. బస్సు కోసం నిలబడ్డ పావుగంట, కరెంటు వచ్చేదాకా గోడకు ఒరిగి కూర్చున్న అరగంట, రేషన్ దుకాణం ముందర సంచులు వరసలో పెట్టి నీడన మాట్లాడుకున్న కాసేపు. అవి అరుగుల కింద, మోరీ గట్ల మీద పడి ఉంటాయి, పల్చగా, ఎండుటాకు రంగులో. సాయంత్రం పూట రాధాబాయి చీపురు పట్టుకుపోయి ఊడ్చుకొస్తుంది. మట్టి చెరిగి, కొలతకు కోసి, చుట్టి కట్ట కడుతుంది. ఆ దారం విప్పితే ఒక మధ్యాహ్నం. గోడ గడియారం ముల్లు ఆగిపోతుంది, పొయ్యి మీద పప్పు అడుగంటదు, విప్పినవాళ్లకూ, పక్కన కూర్చున్నవాళ్లకూ మాత్రం రెండు మూడు గంటలు నడుస్తాయి.

"అవ్వా, ఒక కట్ట ఉన్నదా? రేపటి పెండ్లికి రవికె కుట్టాలె" అని పక్కింటి భీమవ్వ బిడ్డ వస్తుంది.

"ఉన్నది బిడ్డా, తీస్కపో. తడి సెయ్యి పెట్టకు."

సంజనకు మాత్రం కట్టలు యుద్ధానికి కావాలి.

పెళ్లయి వచ్చినప్పుడు ఆమె పాత కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టుకుని తెచ్చుకుంది. ధనధన కాల్చుకునే ఆట కాదు ఆమెది. తెర మీద తేనెపట్టు లాంటి గళ్లు, నడుమ ఏరు, ఏటి మీద వంతెన, ఇటొక సైన్యం, అటొక సైన్యం. దళాలు చిన్న చిన్న చదరపు బిళ్లలు. రెండు గంటలు ఆలోచించి తన దళాలను జరిపి ఆ ఎత్తును మెయిల్‌లో అవతలివారికి పంపాలి. వాళ్లు విప్పి చూసుకుని తమ ఎత్తు వేసి పంపుతారు. ఒక్క యుద్ధం ఏడాది, రెండేళ్లు సాగుతుంది. అటువంటి పిచ్చి ఉన్నవాళ్లు దేశమంతా వెతికితే ఆమెకు పదకొండు మంది దొరికారు. పదకొండు మందికీ ఒకటే గోస, టైమ్ లేదు.

వాళ్లలో ఒకాయన లింబాద్రి సారు. ఏడాది పాటు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరికి తెలియకుండానే కొట్లాడుకున్నారు. ఒకనాడు గాలివాన వచ్చి ఆయన "కరెంటు లేదు, ఎడపల్లి సబ్‌స్టేషన్‌ల ఏందో కాలిందట, ఎత్తు రేపు పంపుత" అని ఫోన్‌లో రాశాడు. సంజన చీకట్లో ఆ మాట చదివి పకపకా నవ్వింది. అదే సబ్‌స్టేషన్ దెబ్బకు ఆమె ఇంట్లోనూ కరెంటు లేదు. బస్సెక్కితే ఇరవై నిమిషాల దూరం. ఆయన ఎడపల్లిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైనవాడు.

రాధాబాయికి ఈ యుద్ధం ఎప్పుడూ వింతే. కోడలి వెనక నిలబడి చూసేది. ఎవరికీ నెత్తురు కారదు, ఎవరి తల్లీ ఏడవదు, ఇద్దరు మనుషులు ఒకరి గురించి ఒకరు ఇంతసేపు ఆలోచించుకుంటారు. మొగుడూ పెళ్లాలైనా ఇట్లా ఆలోచించుకుంటారా అనిపించేది ఆమెకు.

జూన్ మొదట్లో సంజన ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చింది.

"సార్‌కు షుగర్ కండ్లల్లకు వచ్చిందట అత్తమ్మా. నెల, మహా అంటే నెలన్నర, అంతకంటె చూపు నిలువదన్నరట డాక్టర్లు. మా యుద్ధం ఇంక పద్నాలుగు ఎత్తులున్నది. వంతెన నిలబడ్డదో లేదో సూసినంక కండ్లు పోయినా సరే అంటుండు."

"మరి ఆడి ముగించు బిడ్డా."

"నాకు వారానికొక ఎత్తు పడుడే కష్టం. పద్నాలుగు ఎత్తులంటే దసరా దాటుతది."

రాధాబాయి వేళ్ల మీద లెక్కేసుకుంది. పద్నాలుగు కట్టలు కావాలి. అయిదు ఇంట్లో ఉన్నాయి. ఆ వారమంతా ఆమె బస్టాండు దాకా పోయి ఊడ్చింది, ప్రభుత్వ దవాఖాన మెట్లు ఊడ్చింది. నడుము పట్టేసినా తొమ్మిది కట్టలు కట్టింది. కట్టిన సాయంత్రం, చేతులు నలభై ఏళ్ల అలవాటున తమ పని తాము చేసుకుపోయాయి. తొమ్మిది కట్టల మీదా నీళ్లు చిలకరించి, తడి గోనెపట్టాలో చుట్టి, మూలకు పెట్టి ఆమె పడుకుంది. కోయని ఆకును అట్లా నాన పెట్టాలి, లేకుంటే తెల్లారి విరుగుతుంది. చుట్టినదాన్ని పెట్టకూడదు. ఆ సంగతి బీడీలు చుట్టే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. ఆమె చేతులకు మాత్రం ఆ సాయంత్రం చెప్పేవాళ్లు లేరు.

ముందు అయిదు కట్టలతో అయిదు ఎత్తులు చకచకా పడ్డాయి. ఆరోది విప్పితే గడియారం ఆగింది, నడిచింది, మళ్లీ ఆగింది, మళ్లీ నడిచింది. తడి బీడీ అంటుకుంటూ ఆరిపోతూ ఉన్నట్టే. మౌస్ మీద సంజన చెయ్యి ఉండగానే పప్పు మాడిన వాసన వచ్చింది. తక్కినవి ముట్టుకుంటే మెత్తగా, చల్లగా ఉన్నాయి.

రాధాబాయి గోనెపట్టా వైపు చూసింది. చేసిందేమిటో అప్పుడు అర్థమైంది.

"నాతోనే అయింది బిడ్డా."

"పోనీ తియ్యి అత్తమ్మా. ఎండల పెడితే ఆరుతయ్."

ఎండెక్కడిది? మబ్బులు పట్టి మూడు వారాలు ముసురు వదల్లేదు. సంజన బస్సులో, మీసేవలో అన్నం తినే వేళలో, ముక్కలు ముక్కలుగా ఆలోచించి ఎట్లాగో ఒక్క ఎత్తు పంపింది. ఒకనాడు జవాబు లింబాద్రి సారు దగ్గర్నుంచి కాక ఆయన భార్య విమలమ్మ దగ్గర్నుంచి వచ్చింది. "సార్‌కు ఇగ కనిపిస్తలేదమ్మా. ఆట మీరే గెల్చిండ్రని రాయమన్నడు."

సంజన ఆ మాట పైకి చదివి ఫోన్ బోర్లా పెట్టింది. గెలిచినవాళ్ల ముఖం అట్లా ఉంటుందని రాధాబాయికి అప్పటిదాకా తెలియదు.

మర్నాడే ఎండ కాసింది. మూడు రోజులు మిద్దె మీద చాటలో కట్టలు ఎండబెట్టి, అటూ ఇటూ తిప్పి, కాకుల్ని అదిలిస్తూ కూర్చుంది రాధాబాయి. చెడిన కట్టను కూడా మళ్లీ బిగించింది. తొమ్మిదీ నల్లబడి గట్టిపడ్డాయి. ఆదివారం అత్తా కోడళ్లు ఎడపల్లి బస్సెక్కారు.

లింబాద్రి సారు కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాడు, మరెక్కడ కూర్చోవాలో తెలియనట్టు. సంజన గొంతు వినగానే నవ్వాడు.

"ఓడిపోయిన్నని రాయించిన గదా. మళ్ల దండెత్తి ఇంటిదాంక వచ్చినవా?"

"నేను గట్ల గెలువ సార్. మీరు చెప్పుండ్రి, ఎవరన్న చూసి జరుపుతరు."

"విమల చూసింది. అంత డబ్బాలే ఉన్నయన్నది."

"డబ్బాలు గాక ఏమున్నయి అండ్ల?" అంది విమలమ్మ చాయ్ గ్లాసులు పెడుతూ. "ఏ డబ్బా ఏడున్నదో చెప్పేసరికి నాకు కండ్లు తిరిగినయి. నువ్వే చూసి చెప్పమ్మా."

"నేను చూడొద్దు. సార్ సైన్యం ఏడున్నదో నాకు తెలిస్తే ఇంకేం యుద్ధం?"

గదిలో మిగిలింది రాధాబాయి. అందరూ ఆమె వైపు తిరిగారు, చూపు లేని ఆయన కూడా.

"నాకు మూడేండ్ల కిందనే అక్షరాలొచ్చినయి సారూ. మనుమరాలి పలక మీద నేర్చుకున్న. మెల్లగ చదువుత."

"మెల్లగనే చదువు అక్కా. నాకిప్పుడు తొందరేమున్నది?"

సంజన, విమలమ్మ వంటింట్లోకి పోయారు. రాధాబాయి కొంగుతో చేతులు తుడుచుకుని ఒక కట్ట దారం విప్పింది. గోడ గడియారం ఆగింది. ఎండిన కట్ట కదా, నిదానంగా కాలసాగింది. మామూలు కట్టలో రెండు మూడు గంటలుంటే దానిలో ఒక వేసవి పగలంత ఉంది.

సారు తన దళాలకు చుట్టుపక్కల ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకున్నాడు. రాధాబాయి తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. చదువొచ్చినవాళ్లు వదిలేసి పోయేది ఆమెకు వదలడం రాదు. ప్రతి గడికీ అంకె చదివింది, ఆ గడిలో ఏముందో చెప్పింది. ఇక్కడ మిట్ట ఉంది, ఇక్కడ బాట వంకర తిరిగింది, ఇక్కడ చెట్లు, మన తోపుల్లాగ వరసగా లేవు, ఎవరో ఇసిరేసినట్టు ఉన్నయి. సారు తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. కాసేపటికి ఆయన వేళ్లు బల్ల మీద గాలిలో ఏరు గీయడం మొదలుపెట్టాయి.

"రుద్రూరోళ్లను వంతెన మీదికి పంపు అక్కా."

"పంపను."

"ఏంది?"

"మొదలు ఎనిమిదని పక్కన రాసున్నది, బిళ్ల మీద ఇప్పుడు మూడే ఉన్నది సారూ. అంటే సగం కంటె తక్కువే మిగిలిండ్రు గదా. పాపం, తిన్నరో లేదో. వెనకకు పిలిచి పండనియ్యి. జక్రాన్‌పల్లోళ్లు నిండుగున్నరు, వాళ్లను తోలు."

సారు ముఖం ఆమె వైపు తిప్పాడు. "ముప్పై ఏండ్ల సంది ఆడుతున్న, నా దళాలు తిన్నయో లేదో ఎవరూ అడగలే" అన్నాడు. "జక్రాన్‌పల్లోళ్లనే తోలు."

అట్లా వారానికి రెండుసార్లు ఎడపల్లి బస్సు. సంజన ఎత్తులకు రాధాబాయి కొత్తగా ఊడ్చి, పొడిగా కట్టినవి వేరే ఉండేవి. బోధన్ ఇంట్లో అత్తా కోడళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని యుద్ధం ఊసెత్తేవాళ్లు కాదు. "మా అత్తమ్మ శత్రువుల మనిషి, కూర మీద ఉప్పెంతో కూడ చెప్పుతలేదు" అని సంజన మహేష్‌తో అనేది. రాధాబాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆఖరి ఎత్తు తర్వాత వంతెన సారు వైపే నిలిచింది. మెయిల్ తెరిచి చూసుకున్న సంజన లేచి చాయ్ పెట్టి, మొదటి గ్లాసు అత్త చేతికిచ్చింది. "జక్రాన్‌పల్లోళ్లు చంపేసిండ్రు అత్తమ్మా" అంది. ఆ చాయ్‌లో చక్కెర కొంచెం ఎక్కువే పడింది.

ఆ వారం రాధాబాయి ఎండబెట్టినవాటిలో మిగిలిన ఒక్క కట్ట పట్టుకుని ఎడపల్లి పోయింది. సారు కొత్త యుద్ధం తెరిపించాడు. ఈసారి చలిదేశం, నల్లటి అడవి, గడ్డకట్టిన చెరువులు. ఆమె దారం విప్పబోతుంటే ఆయన ఆపాడు.

"అక్కా, ఒక మాట. ఇన్నేండ్ల సంది చుడుతున్నవు గదా, నీ కోసమని ఎప్పుడన్న ఒక కట్ట విప్పుకున్నవా?"

రాధాబాయి ఆలోచించింది. పిల్లల పరీక్షలకు, ఎవరి పెళ్లి రవికెకో, కోడలి ఆటకు ఇచ్చింది. తనకని విప్పిన యాది లేదు. కానీ ఈ గదిలో, ఈ గీతల మీద వేలు పెట్టి నడిచిన పొద్దులన్నీ ఎవరివి? అరవై నాలుగేళ్లకు పలక పట్టిన వేలు అది. దానికి ఇంత దూరం నడిచే భాగ్యం ఎవరిచ్చారో ఆమెకు తెలియలేదు, చేతులు జోడించబుద్ధయింది.

"ఇవన్ని నావే సారూ" అంది.

ఆ పూట వాళ్లు అడవి అంచు దాకా పోయారు. కట్ట అయిపోయి గడియారం కదిలాక ఆమె సంచీ సర్దుకుంది. బయట ఆగస్టు ఎండ మండుతోంది, చెరుకు ఆకులు కదలడం లేదు. లింబాద్రి సారు కిటికీ వైపు ముఖం తిప్పి, మోచేతి మీదికి చొక్కా చెయ్యి లాక్కుని, గడప దాటబోతున్న ఆమెతో అన్నాడు:

"రేపు వచ్చేటప్పుడు శాలువ కప్పుకోని రా అక్కా, మంచు పడేటట్టున్నది."