షెనో ఎక్కుడుకు చాలిన కారు

మెకురియా మూత్రపిండాలు చెడిపోయి ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు షెనో నుంచి అడిస్ అబాబాకు వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. పోవడానికే ఎనభై కిలోమీటర్లు. పొద్దున మినీబస్సులో ఎలాగో కూర్చునేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం భార్య అసెలెఫెచ్ భుజం మీద వాలిపోయేవాడు. అది చూడలేక ఆమె నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. వానలు ముదిరేలోపు పాత కరెంటు కారు ఒకటి కొనాలని పట్టుబట్టింది.

నగరంలో బిన్యం అనే దళారి ముందుగా తెల్ల కారు చూపించాడు.

"ఒక్కసారి చార్జింగ్ పెడితే మూడొందల కిలోమీటర్లక్కా! రానూపోనూ అయ్యాక పెళ్లికి కూడా వెళ్లిరావచ్చు."

"మమ్మల్ని పెళ్లికి పిలిచిందెవరు గానీ, ధర చెప్పు."

చెప్పాడు. వాళ్ల దగ్గరున్న దానికి రెట్టింపు.

రెండో కారు ఎంగిడావర్క్ అనే లెక్కల మాస్టారిది. నీలం రంగు వెలిసింది, వెనక తలుపుకి సొట్ట. ధర మాత్రం అందేలా ఉంది.

"బ్యాటరీ ముసలిదైందమ్మా. నూట ఇరవై వస్తుంది. చలిలో, ఎక్కుడులో నూరే అనుకోండి," అన్నాడాయన.

బిన్యం తల పట్టుకున్నాడు. "మాస్టారూ, మీరు అమ్మడానికొచ్చారా, బేరం చెడగొట్టడానికొచ్చారా?"

అసెలెఫెచ్ ముఖం వాడిపోయింది. రానూపోనూ నూట అరవై కావాలి. గోడవార కూర్చున్న మెకురియా నవ్వాడు.

"అసెలీ, నేను ఆ మిషను పక్కన నాలుగు గంటలు పడుకుంటాను కదా. అంతసేపూ కారు ఊరికే నిలబడాలా? దాన్నీ ఏదో ప్లగ్గు పక్కన పడుకోబెట్టు."

ఆసుపత్రి వెనక వీధిలో చార్జింగ్ పెట్టే చోటు ఉందని బిన్యమే ఒప్పుకున్నాడు. అయినా ఆమెకు ధైర్యం చాల్లేదు. షెనో, అడిస్ అబాబా కంటే బాగా ఎత్తులో ఉంటుంది.

"మాస్టారూ, ఇదే కారులో మా ఊరిదాకా వస్తారా?"

"పదండి. నాకూ చూడాలనుంది."

బ్యాటరీ నిండుగా ఉండగా బయలుదేరారు. దారిలో సెందాఫా ఊరు దాటాక వాన పట్టుకుంది. అలెల్తు ఊరి దగ్గర బ్యాటరీ నలభై శాతం చూపించింది. ఆమె హీటరు ఆపేసింది. అద్దానికి ఆవిరి పడితే మాస్టారు చేతిరుమాలుతో తుడుస్తూ కూర్చున్నాడు. ఇంటి ముందు ఆగేసరికి పద్దెనిమిది శాతం మిగిలింది.

ఆమె కాఫీ గింజలు వేయించి, అతిథికి ఆనవాయితీగా పోసే మూడు విడతలూ పోసింది. నీళ్లు కూడా కొలుచుకుని తాగే మెకురియా గుటకెడుతో సరిపెట్టుకున్నాడు.

"కారు ఇక్కడే ఉండనీయండి, నేను బస్సులో పోతా. కాగితాల పని సోమవారం చూసుకుందాం," అన్నాడు మాస్టారు.

ఆగస్టులో ఒకరోజు ఆసుపత్రి వెనక వీధిలో కరెంటు పోయింది. కారు బ్యాటరీ డెబ్బై శాతం దగ్గరే ఆగిపోయింది. తిరుగుదారిలో అసెలెఫెచ్ అలెల్తులో ఒక టీకొట్టు దగ్గర ఆపి, వాళ్లనడిగి తీగ తగిలించింది. వెనక్కి వాల్చిన సీటులో గాబీ దుప్పటి కప్పుకుని మెకురియా నిద్రపోతున్నాడు. వేడి రొట్టె తింటూ ఆమె వాన చూస్తూ కూర్చుంది. రెండు గంటలు గడిచాక అతను కళ్లు తెరిచాడు.

"వచ్చేశామా?"

"ఇంకా లేదు. తొందరేముంది, పడుకో."