మాడిన పాప్‌కార్న్

రెండో తరగతి జూనీకి గంట మోత వింటే ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకే మంటలొస్తే బయటికి ఎలా వెళ్లాలో నేర్పే ఫైర్ డ్రిల్ ఉన్న రోజున ముందుగానే ఆమెకు చెవిమూతలు తొడిగి, "ఇంకాసేపే, అయిపోతుంది" అంటూ వీపు నిమరడం మార్లిస్ పని. తరగతిలో జూనీ పక్క కుర్చీ ఈ సహాయ టీచరుదే.

ఆవేళ మాత్రం చెప్పాపెట్టకుండా గంట మోగింది. మోగించింది సాక్షాత్తూ మార్లిసే. స్టాఫ్‌రూములో పాప్‌కార్న్ పెట్టి, కబుర్లలో పడి బొగ్గు చేసింది. ఆ పొగకే మంటల గంట మోగింది.

"అయ్యో, నా పిల్ల!" అంటూ పరుగెత్తింది. తరగతిలో ఎవరూ లేరు. బల్ల కింద వెతికింది. గోడ కొక్కేనికి ఎప్పుడూ వేలాడే చెవిమూతలు కూడా లేవు.

బయట మంచులో బడంతా వరసల్లో నిలబడింది. జూనీ తన వరసలోనే ఉంది, చెవిమూతలతో సహా.

"నేను తొడగబోతే చెయ్యి తోసేసింది. తనే పెట్టుకుంది," అంది తరగతి టీచరు డువాల్. "ఇంతకీ ఏ మహాతల్లి మాడ్చిందట? ఈ మంచులోనే పాతెయ్యాలి!"

"నేనేనమ్మా. పాతెయ్యి," అంది మార్లిస్. ఆమె చేతులు గజగజ వణుకుతున్నాయి. లోపల గంట ఇంకా మోగుతూనే ఉంది.

జూనీ ఆ చేతులకేసి కాసేపు చూసింది.

"వంగు, మిస్ మార్లిస్."

మార్లిస్ వంగింది. జూనీ తన చెవిమూతలు తీసి ఆమెకు తొడిగింది. తన చెవులు భుజాలకు అదుముకుని, మొహం చిట్లించుకుని, ఆమె వీపు నిమరసాగింది. ఏదో అంటోంది కూడా.

మార్లిస్‌కు ఒక్క ముక్క వినబడలేదు. వినబడనక్కర్లేకపోయింది.