ఒక్క మార్కు తక్కువైన దుఃఖం

"మా కోడలికి ఫికరేంది? తింటది, పంటది" అంటూ మొదటిసారి జవాబులన్నీ అత్తగారు రాజమణే చెప్పేసింది. సర్వే అమ్మాయి షారోన్ అడిగింది మహేశ్వరిని. చెప్పిన నోరు మాత్రం అత్తది. మహేశ్వరి పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసింది.

రెండు వారాలకు షారోన్ దబీర్‌పురాలోని ఆ ఇంటికి మళ్ళీ వచ్చింది. ప్రశ్నలు అవే. రెండుసార్లూ ఒకే జవాబు వస్తేనే ఆ ప్రశ్నలు నమ్మదగ్గవట. ఒక్కో 'అవును'కు ఒక్కో మార్కట, మార్కులు హద్దు దాటినవాళ్ళను మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపుతారట. ఆ మాట విన్నప్పటి నుంచీ మహేశ్వరికి ఒకటే ఆశ. ఎవరో ఒకరి ముందు కూర్చోవాలి, నడుమ ఇంకొకరు నోరు పెట్టకుండా మాట్లాడాలి.

ఈసారి తనే చెప్పింది. నిద్ర పట్టడం లేదు. ఊరికే ఏడుపొస్తోంది. ఏదీ రుచించడం లేదు. రాజమణి గుడ్లురిమి చూసినా ఆగలేదు.

"ఎందుకూ పనికిరానని అనిపిస్తదా అక్కా?"

మహేశ్వరికి నవ్వొచ్చింది. మూడు పూటలా వంట, మామగారి మందులు, మొగుడు ప్రేమ్‌రాజ్ యూనిఫాం ఇస్త్రీ. "ఇంట్ల కూసునేదానికి టెన్షనేందే?" అంటాడతను, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూనే. పనికి తప్ప ఇంకెందుకూ అక్కరలేని మనిషికి ఆ ప్రశ్నలో చోటేదీ? "లేదు" అంది.

"రోజు పనులు చేసుకోలేకపోతున్నరా?"

"అవును."

"దినాం చేస్తనే ఉన్నది గద!" అంది రాజమణి.

షారోన్ ఇబ్బందిగా కదిలింది. "చేస్తున్నరు గదక్కా. అట్లయితే లేదనే రాయాలె. ఒక్క మార్కు తక్కువైతది. డాక్టరమ్మ కాడికి పేరు పోదు."

మహేశ్వరికి ఒళ్ళు మండింది. ఈ ప్రశ్నలు రాసినవాళ్ళెవరో గానీ, దుఃఖమొస్తే దుప్పటి ముసుగేసుకుని పడుకునే వీలున్నవాళ్ళు. కడుపు పోయిన మూడో రోజే పొయ్యి ముందు నిలబడింది తను. వాళ్ళ లెక్కలో ఆ రోజూ నిక్షేపంగా ఉన్నట్టే.

"సాలు తియ్ ముచ్చట్లు. లేసి ఈ సర్వే పిల్లకు చాయ్ పెట్టు పో" అంది రాజమణి.

అలవాటు కొద్దీ మహేశ్వరి చెయ్యి నేలకు ఆన్చి లేవబోయింది. ఆగి, మళ్ళీ కూర్చుంది. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది.

"నాతోని కాదత్తమ్మా. మీరే పెట్టున్రి."

"ఏందీ?"

మహేశ్వరి అత్త వైపు చూడలేదు.

"ఇగ రాసుకో షారోన్."