మొక్కు వెన్న

మా అత్త రాఘవమ్మకు వెన్న దాచడంలో పెద్ద పేరు. టేకులపల్లి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం బిందెలో నీళ్లే వేడెక్కుతాయి. ఆమె వెన్న మాత్రం వారమైనా కమ్మగా, మెత్తగా ఉండేది. మజ్జిగ చుక్క మిగలకుండా పిసికి, ముద్ద చేసి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన కుండలో చల్లనీళ్లు పోసి వేసేది. పొద్దునా మాపునా నీళ్లు మార్చాలి. ఒక్కపూట మరిచినా కంపే.

ఎనభై మూడు ఎండాకాలంలో నా బిడ్డ జ్వరంతో చిక్కిపోయింది. తగ్గితే భద్రాచలం రాముడికి ఆవునెయ్యి దీపం పెడతానని అత్త మొక్కుకుంది. జ్వరం తగ్గింది, ఒంటికి కండ రాలేదు. దవాఖానాలో డాక్టరు పిల్లకు వెన్న పెట్టమన్నాడు. మాకున్నది ఒక్కటే ఆవు.

"ముందు దేవునికి. పిల్లకు ఆ తర్వాతనే" అంది అత్త. భద్రాచలం బయలుదేరే పొద్దునే నెయ్యి కాచాలట, పాత నెయ్యి దేవుడికి పనికిరాదట. అందాకా వెన్న దాచాల్సిందే.

ఈలోగా తన కూతురికి బాగాలేదని అత్త ముదిగొండ పోయింది. మర్నాడే నేను ముట్టయ్యాను. ముట్టులో వెన్నకుండ తాకకూడదు. నా మొగుడు ముసలయ్యను బతిమాలాను.

"జర నీళ్లు మార్చయ్యా, వెన్న పాడైతది."

"ఆడోళ్ల పనులు నాకు చెప్తున్నవా?" అని తువ్వాలు దులుపుకుని పోయాడు. నేను వండిన అన్నం మాత్రం శుభ్రంగా తిన్నాడు. అప్పుడు మైల గుర్తురాలేదు మహానుభావుడికి.

ఏం చేయను? నీళ్లు నేనే మార్చాను. పిల్ల కుండ దగ్గర కూర్చుని చెయ్యి చాపేది. "అది దేవునిది బిడ్డా" అని ఎత్తుకొచ్చేదాన్ని. గోరంత గిల్లి పెట్టినా ఎవరికీ తెలిసేది కాదు. అయినా పెట్టలేదు.

అత్త వచ్చి ముద్దను వేలితో నొక్కి చూసి మురిసిపోయింది.

"ఎంత మెత్తగుందే! రేపు పొద్దుగాల నెయ్యి కాస్త."

"ముట్టుల ఉండి నీళ్లు మార్చిందే అవ్వా" అన్నాడు నా మొగుడు, అడగకుండానే.

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. "దేవుని వెన్న మైల చేస్తివి గదే!"

"మార్చకుంటే కంపు కొట్టేది అత్తా."

"కొడితే కొట్టనియ్యి. నువ్వు ముట్టుడెందుకు?"

"పోనీ, పిల్లకన్న పెడ్త."

"మైలది పెట్టి మళ్ల జరం తెస్తవా?"

ఆ వెన్నే డబ్బాలో సర్దుకుని మర్నాడు అత్త సారపాక పేపరు మిల్లు కాలనీకి బస్సెక్కింది, అమ్మడానికి. "కొనేటోళ్లు అడుగుతరా ఏంది?" అని నన్నే గద్దించింది. ఒళ్లు మండిపోయింది నాకు.

సాయంత్రం ఖాళీ డబ్బాతో వచ్చి, కాళ్లు చాపుకుని చెప్పింది: "ఆ కాలనీ అమ్మ నాలిక మీద పెట్టుకుని ఏమన్నదో ఎరికేనా? గింత కమ్మటి వెన్న పుట్టి బుద్ధెరిగి ఎన్నడు తినలేదట."

నా ఒళ్లో పిల్ల ఆ మాటలు వింటూ నోరు తెరిచింది.