మళ్ళీ మళ్ళీ చెడే మౌస్

అచ్యుతరామయ్య సినిమా పాటలకు వయొలిన్ వాయించేవాడు. పరిశ్రమ వెంట మద్రాసు వదిలి వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడమీద వాటాలో అద్దెకు దిగాడు. వచ్చాక రికార్డింగులు పల్చబడ్డాయి. వయొలిన్ల వరస మొత్తం చేసే పనిని ఒక్క కీబోర్డు చేసిపెడుతోంది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. స్నేహితులు మద్రాసులోనే ఉండిపోయారు. పొద్దున్నే పనిమనిషి రాజమ్మ వంట చేసి వెళ్ళిపోతే, మర్నాడు ఆమె వచ్చేదాకా ఆ ఇంట్లో మనిషి మాట వినబడదు.

స్వరాలు రాసుకోవచ్చని ఎవరో చెబితే కంప్యూటర్ కొన్నాడు. స్వరాల మాట ఎలా ఉన్నా, అందులోని విమానం ఆట మీద మనసు పడింది. కానీ విమానం ఎగిరితే కదా! మౌస్ వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుందనుకునేవాడు. అది నేలకేసి దూకేది. చెయ్యి కాస్త కదిలితే చాలు, పల్టీలు కొట్టేది.

శ్రీనగర్ కాలనీలో కంప్యూటర్ కొన్న షాపుకి ఫోన్ చేస్తే నర్సింహ వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఉండేది షేక్‌పేటలో.

"ఏం ఖరాబ్ కాలే సార్. మీ చేతికి మౌస్ ఉల్టా ఉన్నది, గంతే," అంటూ ఆటలో సెట్టింగ్స్ తెరిచి ఒక గడిలో టిక్కు పెట్టాడు. "జర స్పీడు గూడ తగ్గిస్త."

విమానం బుద్ధిగా పైకి లేచింది. అచ్యుతరామయ్య సంబరపడి కాఫీ కలిపాడు. నర్సింహ కూర్చుని, స్కూటర్ పెట్టే ఇబ్బందుల గురించీ, కూతురికి లెక్కలంటే ఉన్న భయం గురించీ చెప్పుకొచ్చాడు. అతను వెళ్ళాక ఇల్లు మునుపటికన్నా ఎక్కువ బోసిపోయింది.

ఆ తర్వాతి వారం అచ్యుతరామయ్య తనే సెట్టింగ్స్ తెరిచి టిక్కు తీసేశాడు. స్పీడు ఆ చివరిదాకా జరిపాడు. షాపుకి ఫోన్ చేసి, "మళ్ళీ చెడిందండీ," అన్నాడు. నర్సింహ వచ్చాడు, సరిచేశాడు, కాఫీ తాగాడు. ఇంకో వారం గడిచాక మళ్ళీ అదే కథ.

ఈసారి నర్సింహ తెర వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సార్, గిది దానంతట అది మారదు."

"రాజమ్మ దుమ్ము దులిపేటప్పుడు ఏమన్నా..."

"దుమ్ము దులిపితే టిక్కు పోతదా సార్?"

అచ్యుతరామయ్య తలదించుకున్నాడు.

"షాపు సేటు అడుగుతున్నడు, మిషిన్‌ల లోపమా అని. వాపస్ తెమ్మంటున్నడు," అన్నాడు నర్సింహ మెల్లగా. "ఇంక ఫోన్ చెయ్యకుండ్రి."

"చెయ్యనులేవయ్యా." మౌస్ అతని వైపు జరిపి అడిగాడు, "పోనీ, నువ్వొకసారి ఆడిచూస్తావా?"

"నాకు ఆడుడు రాదు సార్. సరిజేసుడే వచ్చు."

అచ్యుతరామయ్య అతని చేతిని మౌస్ మీద పెట్టించి, "మెల్లగా లాగు, వయొలిన్ మీద కమాను లాగినట్టు," అన్నాడు. విమానం కొండకు గుద్దుకుంది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నవాణ్ణి అడిగాడు. "పనేమీ లేకుండా ఊరికే వస్తావా?"

"ఆదివారం చూస్త సార్," అన్నాడు నర్సింహ, మెట్లు దిగుతూనే.

ఆదివారం అచ్యుతరామయ్య వరండాలో కుర్చీ వేసుకున్నాడు. జూబ్లీహిల్స్ వైపు కార్లు వెళుతున్నాయి. స్కూటర్ చప్పుడైనప్పుడల్లా లేచి చూశాడు. ఎండ మెట్ల మీదికి వచ్చి, గోడెక్కి, పోయింది. నర్సింహ రాలేదు. తప్పేముంది, అతనికీ ఇల్లుంది అనుకున్నాడు.

లోపలికొచ్చి ఆట తెరిచాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ టిక్కు దగ్గర బాణాన్ని చాలాసేపు నిలిపాడు. చివరికి ముట్టుకోకుండానే బయటికొచ్చి విమానం లేపాడు. కొండ పక్కనుంచి తిప్పి, ఎప్పుడూ లేనిది, కుదుపు లేకుండా నేల మీద దించాడు.

"చూశావా!" అన్నాడు పైకే. ఆ మాట ఎవరితో అన్నాడో తనకే తోచలేదు. మళ్ళీ విమానం లేపాడు.