మానిటర్ పక్కకు తిప్పిన పూట

మళ్లీ మోచేతుల దాకా కడుక్కోవాలి, ఆస్పత్రి గోడమీద కాగితంలో చూపించినట్టు వేళ్ల సందులు, బొటనవేలు, మణికట్టు, యాభై నాలుగు రోజులుగా కడిగి కడిగి చేతులు పొట్టు లేస్తున్నాయి, కన్నతల్లిని నేను, నా కూతుర్ని ముట్టుకోవడానికి ఇంత శుభ్రపడాలా, పడాలిలే, ఏడో నెలలోనే తొందరపడి వచ్చేసిన పిల్ల, పుట్టినప్పుడు తొమ్మిది వందల గ్రాములు, నా అరచేయంత, అయినా జార్జి టౌన్ నుంచి బస్సులో నిలబడి వస్తే నాకు దక్కేది ఒక్క గంట, పదకొండు నుంచి పన్నెండు, విజిటర్లు దయచేసి చెప్పులు బయట విడవండి అని బోర్డు, విజిటరునట నేను, పొద్దున షర్టు గుండీలు పెట్టుకుంటూ వెంకట్రామ్, ఇంకెన్నాళ్లంట, అడిగినావా అన్నాడు, అడగని రోజుందా, నువ్వొచ్చి అడుగు అన్నాను, మొగుడి మీద అరిచినందుకు పక్క గదిలోంచి అత్తయ్య దగ్గు, ఆవిడ ఫోనులో ఎవరికో చెబుతూనే ఉంది, బిడ్డ ఆడ, తల్లి ఈడ, పాలెట్ట పడతాయి చెప్పు అని, నేను తలుపు వెనక పంపుతో పాలు తీస్తూ అంతా వింటూనే ఉన్నాను, ఆ సీసా మీద కూడా నా పేరే, పిల్ల కాలికి కట్టిన పట్టీ మీదా నా పేరే, బేబీ ఆఫ్ మైత్రి, దానికంటూ ఒక పేరు పెట్టే తీరిక కూడా మాకు లేకపోయింది.

లోపల అలివేలు సిస్టర్, పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగావిడ, మాటల్లో సగం అరవం, వచ్చినావా మైత్రీ, నీ కూతురు పొద్దున్నించి ఒకటే సేట్టై, ఒకటే అల్లరి, ఎడమ పక్కకి పడుకోబెడితే చాలు ఏడుపు, ఆ పక్క దానికి పిడిక్కాదు అంది నవ్వుతూ, నాకు మండింది, నా పిల్లకు ఏ పక్క నచ్చదో ఈవిడ నాకు చెప్పాలి, నేను కుర్చీ లాక్కుని ఎప్పటిలా మానిటర్ వైపు చూశాను, పిల్ల ఒంట్లో ఆక్సిజన్ ఎంతో చెప్పే అంకె, తొంభై ఆరు, తొంభై అయిదు, తొంభై మూడు, ఎందుకు తగ్గింది, మళ్లీ తొంభై ఆరు, హమ్మయ్య, ఇంతలో డాక్టరమ్మ వచ్చింది, బరువు పందొమ్మిది వందలమ్మా, పాలు తనే తాగుతోంది, మధ్యమధ్య ఊపిరి ఆగడం మానేసి పది రోజులు దాటింది, గురువారం ఇంటికి తీసుకెళ్లొచ్చు అంది, ఈ మాట కోసం ఎంతమందితో గొడవపడ్డాను, మరి నా నోట్లోంచి వచ్చిందేమిటి, వద్దు డాక్టర్, ఇంకో వారం ఉంచుకోండి.

ఆవిడ నా వంక చూసి, ఆలోచించుకోమ్మా అని పక్క తొట్టె దగ్గరికి వెళ్లిపోయింది, ఏం ఆలోచించాలి, ఇంట్లో ఈ అంకెలుండవు, పిల్ల నీలంగా మారితే ఏ అలారం మోగుతుంది, అలివేలు సిస్టర్ వచ్చి పాపను ఎత్తి నా గుండెల మీద పడుకోబెట్టింది, తర్వాత మానిటర్ పట్టుకుని గోడ వైపు తిప్పేసింది, అదేం పని సిస్టర్, తిప్పండి ఇటు అని అరిచాను, నా టేబుల్ మీద ఇంకో స్క్రీన్ ఉంది, అంకెలు ఆడ నేను చూస్తాలే, నువ్వు పాపని చూడు, ఇన్నాళ్లూ నువ్వు టీవీనే చూసినావు, సెరియా, సరేనా అని వెళ్లి కూర్చుంది, ఎంత పొగరు, కంప్లయింట్ రాస్తాను, రాయడానికి చేయి ఖాళీ ఉంటేగా, వీపు మీద నా అరచేయి, దాని కింద వేడి, చిన్న పక్కటెముకలు పైకి, కిందికి, గబగబా నాలుగైదు ఊపిర్లు, ఒకటి మెల్లగా, మళ్లీ గబగబా, దీని ఊపిరికొక నడక ఉందని నాకెవరూ చెప్పలేదే.

అప్పుడే అలారం, గణగణా, నా ప్రాణం పోయింది, పెదాలు చూశాను, ఎర్రగానే ఉన్నాయి, అరచేతి కింద వీపు లేస్తోంది, దిగుతోంది, ఊపిరి తీస్తోంది సిస్టర్, వైరు ఊడినట్టుంది చూడండి అన్నాను, నా గొంతేనా అది, అలివేలు సిస్టర్ వచ్చి దుప్పటి ఎత్తింది, పాదానికి చుట్టిన వైరు జారి నా ఒళ్లో పడి ఉంది, ఆవిడ దాన్ని మళ్లీ చుడుతూ, అవునే అంది, గురువారమే తీసుకెళ్తానని డాక్టరమ్మకు చెప్పండి అన్నాను, భయం పోలేదు, ఈ ఆస్పత్రి మీద, అత్తయ్య మీద, వెంకట్రామ్ మీద, ఈవిడ మీద ఇన్నాళ్లూ నేను పడ్డ కోపమంతా నిజానికి నా చేతుల మీద నాకు లేని నమ్మకమే, ఆ చేతులకేమో పిల్ల ఎలా ఊపిరి తీస్తుందో ఇప్పటికే తెలుసు.