మీటరులో ముప్పావు మైలు

సాయంత్రం గరాజ్‌లో సైకిల్ నిలబెట్టి, హ్యాండిల్ మీదున్న చిన్న మీటరు చూసి, మేకుకు వేలాడుతున్న నోటుపుస్తకంలో అంకె వేసింది కార్లిస్. వేసి, అందులోంచి నిన్నటి అంకె తీసేసి చూసుకుంది. మళ్ళీ పది మైళ్ళు.

ఇంటి నుంచి ఆమె వంట చేసే వృద్ధాశ్రమానికి నాలుగు పాయింట్ ఆరు మైళ్ళు. పోనూ రానూ తొమ్మిది పాయింట్ రెండు. మిన్నియాపొలిస్‌లో ఏడేళ్ళుగా అదే బాట, అవే మలుపులు. మంచు కరిగి రోడ్ల మీద ఇసుకా ఉప్పూ మిగిలే ఈ కాలంలో కూడా ఆమె దారి మార్చదు. అలాంటిది ఈస్టర్ పండుగ అయిన దగ్గర్నుంచీ రోజుకు ముప్పావు మైలు పైచిలుకు ఎక్కువ తిరుగుతోంది సైకిల్. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. ఇది పదో పనిరోజు.

ఖరీదైన సైకిలేమీ కాదది. అటు పందేలకూ ఇటు కొండలెక్కడానికీ కాకుండా, నిటారుగా కూర్చుని పనికి వెళ్ళి రావడానికి చేసిన హైబ్రిడ్. ఆవపిండి రంగు ఎవరికీ నచ్చక దుకాణంలో రెండేళ్ళు పడి ఉంటే చివరికి ఆమెకు చవగ్గా ఇచ్చారు. మనిషి పొట్టి గనుక ఫ్రేము చిన్నది, చక్రాలు కూడా మామూలు వాటికన్నా ఒక రవ్వ చిన్నవి. చవక సైకిల్ని ఖరీదైనదానికంటే జాగ్రత్తగా చూసుకోవాలన్నది ఆమె నియమం. వంద మైళ్ళకోసారి గొలుసు తుడిచి నూనె వేస్తుంది. అయిదొందలకోసారి బ్రేకు రబ్బర్లు అరిగాయేమో చూస్తుంది. రెండు వేలకు గొలుసే మారుస్తుంది. ఆ పుస్తకం అందుకే. ఈస్టర్ మర్నాడు మీటరులో బ్యాటరీ అయిపోతే అదీ తనే మార్చుకుంది. అంకెలన్నీ సున్నాకు పోయి, తెర మీద ఏదో నాలుగంకెల సంఖ్య మిణుకుమిణుకుమంటుంటే, సరేనని బొత్తం నొక్కేసింది. పాత మొత్తం పుస్తకంలో ఉంది గనుక బెంగపడలేదు.

మీటరుకు అబద్ధమాడాల్సిన పనేముంది? మనుషులకే ఉంటుంది ఆ పని. తను పొయ్యి దగ్గర ఉన్న వేళ ఎవరో సైకిల్ తీస్తున్నారు. తాళం తియ్యాలంటే తాళంచెవి కావాలి. అవి రెండు. ఒకటి తన జేబులో ఉంటుంది. రెండోది లవాన్ దగ్గర.

లవాన్ అదే వంటింట్లో కూరలు తరిగే మనిషి. ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా పక్కపక్క బల్లల దగ్గర నిలబడి పని చేస్తున్నారు, ఒకే చర్చికి వెళ్తున్నారు. ఒక జనవరిలో కార్లిస్ తన తాళంచెవి మంచులో పారేసుకుని ఇంటిదాకా నడిచి వెళ్ళింది. మర్నాడే ఇద్దరూ ఒకరి సైకిల్ తాళంచెవి ఒకరి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత లవాన్ మోకాలు నొప్పని బస్సుకు మారింది కానీ, కార్లిస్ తాళంచెవి ఆమె గుత్తిలోనే ఉండిపోయింది.

అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈస్టర్‌కు ముందు, ఆదివారాలు కాక నలభై రోజుల ఉపవాస కాలంలో ఏదో ఒకటి మానుకోవడం వాళ్ళ అలవాటు. ఈసారి లవాన్ సిగరెట్లు మానేసింది. పండుగ వెళ్ళినా మళ్ళీ ముట్టనని కార్లిస్ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. జూన్‌లో ఆమె కూతురు కనబోతోంది. సిగరెట్ వాసన వచ్చే చేతులకు బిడ్డను ఇవ్వనని ఆ కూతురు తెగేసి చెప్పింది. అందుకని రోజూ పొద్దున్న ఆరింటికి పొయ్యి వెలిగించే ముందు ఇద్దరూ తల వంచి ఓ నిమిషం ప్రార్థన చేసుకునేవాళ్ళు. వృద్ధాశ్రమానికి దగ్గర్లో సిగరెట్లు దొరికేది పెట్రోలు బంకులోని కొట్టు ఒక్కచోటే. వెళ్ళి రావడానికి ఎంత దూరమో కార్లిస్ మనసులోనే వీధులు లెక్కపెట్టుకుంది. ముప్పావు మైలు పైచిలుకు.

ఆ రాత్రి అన్నం దగ్గర భర్త ఆర్లోకు ఈ సంగతంతా చెప్పింది. ఆర్లో బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయినవాడు. తొందరపడి మాట్లాడడు. పొద్దున్న దిగగానే ఒకసారి, సాయంత్రం ఎక్కబోయే ముందు ఒకసారి మీటరు చూసుకుంటే తేలిపోతుంది కదా అన్నాడు. చూస్తానంది కార్లిస్. చూడలేదు. స్నేహితురాలి మీద నిఘా పెట్టడం నీచంగా తోచింది. అనుమానించడం మాత్రం ఎందుకో అంత నీచంగా తోచలేదు.

మర్నాడు ప్రార్థనలో లవాన్ కళ్ళు మూసుకుని ఆమెన్ అంటుంటే కార్లిస్ ఒక కన్ను తెరిచి చూసింది. లవాన్ నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఉంది. ఈమధ్య ఎప్పుడూ ఉంటోంది. దేన్ని కప్పిపుచ్చడానికో. సాయంత్రం సైకిల్ దగ్గరికి వెళ్తే ఇంకో వింత కనిపించింది. పొద్దున్న కరిగే మంచుతో తడిసిన ఇసుకలో తొక్కుకొచ్చిన చక్రాలు తళతళలాడుతున్నాయి. స్పోకుల మీద ఒక్క మరక లేదు. ఇలా ఉండటం ఇది మొదటిసారి కాదనీ, ఇన్నాళ్ళూ వాననీళ్ళకు కడుక్కుపోతోందని తను అనుకుంటోందనీ అప్పుడు గుర్తొచ్చింది. వాన పడి వారమైంది. తీసినవాళ్ళే జాడ తెలియకుండా తుడిచేస్తున్నారు.

బుధవారం పొద్దున్న ఎమిల్ క్రాంజ్ గదికి పళ్ళెం తీసుకెళ్ళింది. తొంభై ఒక్కేళ్ళాయన. ఆయన కిటికీలోంచి సైకిళ్ళు పెట్టే చోటు సూటిగా కనబడుతుంది. నా సైకిల్ దగ్గరికి ఎవరైనా వస్తున్నారా అని మామూలుగా అడిగినట్టు అడిగింది. ఎర్రకోటు అమ్మాయి రోజూ పది గంటలకు వచ్చి సైకిల్ పక్కన గొంతుకూర్చుంటుందన్నాడు ఆయన. ఎర్రకోటు లవాన్‌ది. తాళం సైకిల్ కిందిభాగంలో ఉంటుంది. పది గంటలు లవాన్ ఇరవై రెండేళ్ళుగా సిగరెట్‌కు బయటికి వెళ్ళే వేళ. కార్లిస్ ఇంకేమీ అడగలేదు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుండగానే పళ్ళెం పెట్టేసి వచ్చేసింది.

పది గంటల విరామం అయ్యాక వంటింట్లో లవాన్ బంగాళదుంపల తొక్క తీస్తోంది.

"లవాన్, నా సైకిల్ తాళంచెవి ఇస్తావా?"

"ఏం, నీది మళ్ళీ మంచులో పారేశావా? మే నెల వస్తోందే తల్లీ."

"పారెయ్యలేదు. రెండూ నా దగ్గరే ఉంచుకుందామని."

లవాన్ చేతిలోని కత్తి ఆగింది. "ఎందుకో అడగొచ్చా?"

"నువ్వే చెప్తావేమో అనుకున్నా."

"నేనా? ఏం చెప్పాలి?"

"పెట్రోలు బంకు ఎంత దూరమో."

లవాన్ కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుని గుత్తి తీసింది. బిగిసిపోయిన రింగు ఒక పట్టాన విడలేదు. గోటితో, ఆ తర్వాత కత్తి మొనతో విప్పి, తాళంచెవిని బంగాళదుంపల తొక్కల పక్కన పెట్టింది. "సరే అయితే" అని మాత్రం అంది. ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదు.

తప్పు చెయ్యనిదైతే ఎందుకు ఊరుకుంటుంది అనుకుంది కార్లిస్ ఇంటికి తొక్కుకుంటూ. దెబ్బలాడాలి కదా. నెత్తి మీద కొట్టినట్టు జవాబు చెప్పాలి కదా. గురువారం పొద్దున్న పొయ్యి దగ్గర తనొక్కతే తల వంచింది. దేవుడికి ఏం చెప్పుకోవాలో తోచక వెంటనే ఎత్తేసింది.

గురువారం సాయంత్రం గరాజ్‌లో పుస్తకం తెరిచింది. రెండు తాళంచెవులూ రోజంతా ఆమె జేబులోనే ఉన్నాయి. మీటరు చూసి, నిన్నటి అంకె తీసేసింది.

పది మైళ్ళు.

ఆమె ముందు అనుకున్నది మూడో తాళంచెవి ఉండి ఉండాలని. లవాన్ దుకాణంలో ఇంకోటి చేయించుకుంది కాబోలు. ఆ మాట ఆర్లోతో పైకే అంది.

"చేయించిందేమో" అన్నాడు ఆర్లో. "లేకపోతే మీ పాస్టరు గారు తొక్కుతున్నారేమో. ఇంక మిగిలింది నేను. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయో నీకు తెలుసు."

తర్వాత నవ్వడం మానేసి మీటరు కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు. అవి స్క్రూల డబ్బాలో దొరికాయి. ఆర్లో కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. వెనక చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, గరాజ్ నేల మీద సరిగ్గా ఒక చుట్టు దొర్లించి, టేపుతో కొలిచాడు. మీటరుకు మైళ్ళు తెలియవు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అంతే తెలుసు. ఒక్కో చుట్టుకు ఎంత దూరమో మనం చెప్పాలి. బ్యాటరీ మార్చిన రోజు మిణుకుమిణుకుమంటూ అది అడిగింది అదే. కార్లిస్ జవాబు చెప్పకుండా సరే అంది. దాంతో అది మామూలు పెద్ద చక్రాల కొలత వేసేసుకుంది. ఆమెవి చిన్న చక్రాలు. ఆర్లో పెన్సిల్‌తో లెక్క కట్టాడు. ఆ కొలతతో చూస్తే తొమ్మిది పాయింట్ రెండు మైళ్ళు సరిగ్గా పది అవుతాయి.

సైకిల్ ఆ బాట తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు. ఒక్క అడుగు కూడా.

కార్లిస్ తలకిందులుగా పెట్టి ఉన్న బకెట్ మీద కూర్చుండిపోయింది. ఆర్లో మీటరులో కొలత సరిచేసి, సుద్దగీత తుడిచి లోపలికి వెళ్ళిపోయాడు. అబద్ధసాక్ష్యం చెప్పరాదన్న ఆజ్ఞను ఆమె ఆదివారం బడిలో పిల్లలకు పద్నాలుగేళ్ళు నేర్పింది. అది కోర్టులో నిలబడి చెప్పే మాటల గురించే అనుకుంది ఇన్నాళ్ళూ. మనసులో కూర్చుని చెప్పుకున్నది దాని కిందికి వస్తుందా? తాళంచెవి వెనక్కి అడిగాక మనసులోది మనసులోనే ఉందని ఎలా అనడం?

శుక్రవారం పళ్ళెంతో వెళ్తే, తను అడగకుండానే ఎమిల్ అందుకున్నాడు.

"ఏమమ్మాయ్, ఎర్రకోటు అమ్మాయి నిన్న రాలేదేం? ఒంట్లో బాగుందా?"

"వచ్చి ఏం చేస్తుందండీ రోజూ?"

"అదే కదా మొన్న చెప్పబోతే పారిపోయావు. గుడ్డ తెచ్చుకుని నీ స్పోకులు తుడుస్తుంది. ఒక్కోటీ, కిందినుంచి పైకి. చక్రానికి ముప్పై ఆరు. నేనూ లెక్కపెడుతుంటా ఇక్కణ్ణుంచి. ఆ పావుగంట నాకు బాగా గడుస్తుంది."

పది గంటలకు లవాన్ వెనక తలుపు మెట్ల దగ్గర నిలబడి ఉంది, ఎర్రకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని. కార్లిస్ వెళ్ళి రెండు మెట్లు కింద నిలబడి మొత్తం చెప్పింది. బ్యాటరీ, బొత్తం, పెద్ద చక్రాల కొలత, ఒక కన్ను తెరిచి చేసిన ప్రార్థన. ఏదీ దాచలేదు.

"పది గంటలకు చేతులు ఖాళీగా ఉండనివ్వకూడదని డాక్టరు చెప్పాడు" అంది లవాన్. "నీ సైకిలేమో బురదబురదగా ఉండేది. నీతో అంటే నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వేదాన్ని కాదు."

"నవ్వేదానివే. నువ్వు నవ్వినా బాగుండేది." లవాన్ రోడ్డు కేసి చూసింది. "ఎంత ఎక్కువ చూపించిందన్నావు?"

"ముప్పావు మైలు. పైన కొంచెం."

"సైకిల్ మీద ఎంతో నాకు తెలీదు. నడిస్తే పదిహేడు నిమిషాలు. నిన్న వెళ్ళాను."

జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి మెట్టు మీద పెట్టింది. చుట్టిన కాగితం చింపి ఉంది. అరవై నాలుగు రోజులు ఆమె ఆ పెట్టె లేకుండా గడిపింది. ఎన్ని కాల్చావని అడగబోయి కార్లిస్ నోరు మూసుకుంది. ఆ లెక్క తను అడగదగింది కాదు.

జేబులోంచి తాళంచెవి తీసి చాపింది. లవాన్ దాన్ని చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"నీ దగ్గరే ఉంచు. నాకు ఇంకొన్నాళ్ళు పడుతుంది."

"ఎన్నాళ్ళయినా" అంది కార్లిస్.

రెండు రోజుల ఇసుక పట్టి సైకిల్ గోడ పక్కన ఉంది. లవాన్ దాని కేసి ఇష్టం లేనట్టు చూసి, మళ్ళీ చూసింది. "ఎంత మురికి పట్టించావే" అంది. పెట్టెను మెట్టు మీదే వదిలేసి, కోటు లోపలి జేబులోంచి గుడ్డ తీసి, మోకాలు పట్టుకుని మెల్లగా ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుంది. కార్లిస్ నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పి, దాని కొస తడిపి తెచ్చి వెనక చక్రం దగ్గర కూర్చుంది. వంగినప్పుడల్లా జేబులోని రెండు తాళంచెవులూ ఆమె తొడలోకి గుచ్చుకుంటున్నాయి. సర్దుకోలేదు.